అరగంట తెలియలేదు, అది సమాధేనా?

అందరికీ నమస్కారం.

ధ్యానం చేసేవాళ్ళు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "పొద్దున్నే కూర్చుంటానండీ. కళ్ళు మూసుకున్నది గుర్తుంది, తెరిచింది గుర్తుంది. మధ్యలో అరగంట ఏమైపోయిందో తెలియదు. అది సమాధేనా?"

సూటిగా చెప్పాలంటే, చాలాసార్లు కాదు. కాలం తెలియకపోవడం సమాధికి గుర్తు కాదు. నిద్రలో కాలం తెలియదు, మూర్ఛలో తెలియదు, మత్తుమందిచ్చి ఆపరేషన్ చేస్తున్నప్పుడు తెలియదు, పేకాట ముందు కూర్చున్నవాడికీ తెలియదు. ఏది తెలియకుండా పోయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే సమాధి ఎప్పటికీ దొరకదు. లోపలికి ఏ దారిన వెళ్ళాం, అక్కడ ఏది మేలుకుని ఉంది, లేచాక ఏం మిగిలింది, ఇవి చూడాలి. ఇవాళ చెప్పేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు మాట సంగతి. మన తెలుగులో గోరీనీ సమాధి అంటాం. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావనంలో ప్రవేశించారు. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామివారి మఠం ఉంది. వాటిని సజీవ సమాధులంటాం, దణ్ణం పెట్టుకుంటాం. అది మన భక్తి. కానీ ఈ వాడుక వల్ల సమాధి అంటే కదలకపోవడం, ఊపిరాడకపోవడం, రాయిలా ఉండిపోవడం అన్న ఊహ మనలో నాటుకుపోయింది. యోగసూత్రాలు చెప్పిన పతంజలి సమాధికి లక్షణం చెప్పినచోట శరీరం ఊసే ఎత్తలేదు. ఆ సూత్రాల మూడో భాగం విభూతిపాదం, దాని మొదటి మూడు సూత్రాలు చూడండి. మనసును ఒక చోట కట్టిపెట్టడం ధారణ. అక్కడ ఒకే తలపు తెగకుండా సాగడం ధ్యానం. ఆ ధ్యానంలోనే, ధ్యానిస్తున్న వస్తువు ఒక్కటే వెలుగుతూ, 'నేను ధ్యానం చేస్తున్నాను' అన్న రూపం లేనట్టుగా అయిపోతే సమాధి. 'స్వరూపశూన్యం ఇవ' అన్నారాయన. ఆ 'ఇవ' చిన్న మాటే, కానీ దాన్ని వదలకూడదు. లేనట్టుగా అన్నారు, లేకుండా పోయిందనలేదు. 'అర్థమాత్ర నిర్భాసం', అంటే వస్తువు మాత్రం వెలుగుతోంది. వెలగడం ఉంది అక్కడ. చీకటి కాదు.

ధారణకూ ధ్యానానికీ తేడా పెద్దలు నీటిచుక్కలతో, నూనెధారతో చెప్పారు. కుళాయి సరిగ్గా కట్టకపోతే చుక్కలు పడుతుంటాయి, చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ ఉంటుంది. అది ధారణ. చెంబులోంచి నూనె వంచితే మధ్యలో తెంపు ఉండదు, చప్పుడు కూడా ఉండదు. అది ధ్యానం. కాలపు లెక్క కూడా ఒకటుంది. 12 ధారణలు ఒక ధ్యానం, 12 ధ్యానాలు ఒక సమాధి అని కూర్మపురాణం చెబుతుంది. వివేకానందస్వామి ధారణను 12 సెకన్లుగా తీసుకున్నారు. గుణించి చూడండి. ధ్యానం 144 సెకన్లు, అంటే 2 నిమిషాల 24 సెకన్లు. సమాధి 1728 సెకన్లు, అంటే 28 నిమిషాల 48 సెకన్లు. గడియారం పెట్టి ఇంతయింది కాబట్టి సమాధి అని చెప్పుకోవడానికి కాదు ఈ లెక్క. అది ఉపయోగపడేది కింది మెట్టు దగ్గర. 12 సెకన్లు మనసు మంత్రం మీద నిలబడటం లేదు, నాలుగో సెకనుకే వంటింట్లోకో ఆఫీసులోకో పోతోంది. అలాంటి మనసు హఠాత్తుగా అరగంట మాయమైతే, అది మెట్లన్నీ దాటేసి పైకి వెళ్ళిందనుకోవాలా, కింద గదిలోకి జారిందనుకోవాలా? సంప్రజ్ఞాతం, అంటే ఒక వస్తువును పట్టుకుని ఉండే సమాధి, బాగా అలవాటయ్యాకే దాని పైది అని పతంజలి మొదటి భాగమైన సమాధిపాదం 18వ సూత్రంలో అభ్యాసాన్ని ముందుపెట్టి చెప్పారు. వరస తప్పదు.

ఆ కింద గది పేరు లయం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే నిజాయితీగా సాధన చేసేవాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. దొంగవేషాలు వేసేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ గురించి మనకెందుకు. ఏళ్ళ తరబడి రోజూ తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, శ్రద్ధగా కూర్చుని, మగతలోకి జారి, దాన్నే గొప్ప స్థితి అనుకుని మురిసిపోయేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. ఆ శ్రమంతా వృథా కాకూడదనే ఇంత వివరంగా చెప్పడం.

లయం ఎలా వస్తుందో దగ్గరగా చూద్దాం. మనసులో 'ఓం నమశ్శివాయ' అనుకుంటున్నారు. మొదటి మాలలో అక్షరాలు గట్టిగా వినబడుతున్నాయి. రెండో మాలకు కొంచెం మెత్తబడ్డాయి. హాయిగా ఉంది. 'నమశ్శి' దగ్గర మంత్రం కాస్త సాగింది. 'వాయ' రాలేదు, దాని బదులు ఎవరిదో గుమ్మం, గుమ్మం ముందు ఎవరో ఆకుపచ్చ సంచి పట్టుకుని నిలబడ్డారు. ఆ సంచి ఎవరిదో మీకు తెలియదు, అది అక్కడ ఎందుకుందో కూడా తెలియదు, అయినా ఆ క్షణంలో అది వింతగా అనిపించదు. అదే గుర్తు. సంబంధం లేని బొమ్మ వచ్చినా మనసు 'ఇదేమిటి' అనుకోలేదంటే కాపలావాడు నిద్రపోయాడన్నమాట. ఆ తర్వాత గడ్డం ఛాతీ వైపు వాలుతుంది. నడుం దగ్గర వెన్ను కుంగుతుంది. వేళ్ళ మధ్య మాల సడలుతుంది. ఒక్కోసారి నోట్లో నీళ్ళూరి పెదవి చివర తడి తగులుతుంది. ఉన్నట్టుండి ఒళ్ళు ఉలిక్కిపడుతుంది, మెట్టు తప్పినట్టు. ఆ ఉలికిపాటును 'శక్తి కదిలింది' అనుకునేవాళ్ళున్నారు. అది నిద్ర పట్టేటప్పుడు ఎవరికైనా వచ్చే కండరాల అదురు. పక్కమీద పడుకున్నప్పుడు వస్తే దాని గురించి ఎవరికీ చెప్పరు కదా.

నిద్రను కూడా పతంజలి వృత్తి, అంటే మనసులో లేచే కదలిక, అనే అన్నారు. 'ఏమీ లేదు' అన్న భావనను పట్టుకుని ఉన్న వృత్తి. ఇది చాలా లోతైన మాట. మనసులో తలపులు లేవు కాబట్టి చిత్తవృత్తి నిరోధం అయిపోయిందనుకోకండి. ఖాళీ అన్నది కూడా ఒక వృత్తే. శంకరాచార్యుల గురువుకు గురువైన గౌడపాదులు మాండూక్యకారికల్లో ఇంకా తేటగా చెప్పారు. సుషుప్తిలో మనసు లీనమవుతుంది, నిగ్రహించిన మనసు లీనం కాదు, రెండింటి నడకా ఒకటి కాదు. రమణమహర్షి ఉపదేశసారంలో 30 శ్లోకాలే ఉన్నాయి, తెలుగులోనూ ఆయనే రాశారు. అందులో ఒక శ్లోకం మొత్తం దీనికే కేటాయించారు. మనసును అణచడం రెండు రకాలు, లయం, నాశం. లయమైనది మళ్ళీ లేస్తుంది, నశించినది లేవదు.

దీనికి ఆయన చెప్పే కథ చాలామందికి తెలిసే ఉంటుంది. గంగ ఒడ్డున ఒక యోగి. దాహమేసి శిష్యుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. శిష్యుడు తెచ్చేలోపు స్థితిలోకి వెళ్ళిపోయాడు. వందల ఏళ్ళు గడిచాయి, గంగ దారి మారింది, రాజ్యాలు మారాయి. యోగి కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, "నీళ్ళేవీ?" అన్ని వందల ఏళ్ళూ ఆ తలపు చెక్కుచెదరకుండా అక్కడే కూర్చుని ఉంది. దీన్ని మనం రోజూ వాడుకోవచ్చు. ఆసనం మీద కూర్చునేముందు మనసులో ఏ గొడవ ఉందో చూసుకోండి. తోటికోడలి మీద కోపమో, అప్పు భయమో. లేచాక మళ్ళీ చూడండి. ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడినుంచే, అదే వాక్యం మధ్యనుంచి, అదే బిగువుతో మొదలైతే మధ్యలో జరిగింది లయం. సమాధి ఆ ముడిని కొంతైనా వదులు చేస్తుంది. దానివల్ల పుట్టిన సంస్కారం మిగతా సంస్కారాలకు అడ్డుపడుతుందని సమాధిపాదం 50వ సూత్రం. గొడవ గుర్తుంటుంది, దాని కొక్కెం ఊడిపోతుంది.

లేచిన మొదటి రెండు నిమిషాలు కూడా సాక్ష్యం చెబుతాయి. నిద్ర లేచాక మనిషి మూడు రకాలుగా చెబుతాడని యోగసూత్రాల వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం అంటుంది. హాయిగా పడుకున్నాను, మనసు తేటగా ఉంది. సరిగ్గా పట్టలేదు, మనసు కుదురులేక తిరుగుతోంది. మొద్దునిద్ర పోయాను, ఒళ్ళంతా బరువుగా ఉంది. మీరు ధ్యానం నుంచి లేచాక ఈ మూడింట్లో ఒకదానితో సరిపోతే, మొదటిదైనా సరే, అనుమానించండి. తేట అనేది నిద్రవల్లా వస్తుంది. నిజమైన కుదురు తర్వాత వచ్చేది ఇంకో రకం. తెర దిగినట్టూ మళ్ళీ లేచినట్టూ ఉండదు. దీపం వత్తి తగ్గించి మళ్ళీ పెంచినట్టుగా కూడా ఉండదు. వెలుగు అలాగే ఉంది, అది పడుతున్న వస్తువులు ఎక్కువయ్యాయి, అంతే.

లయం ఎందుకు వస్తుంది? విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకంలో కారణాలు నాలుగు చెప్పారు. తీరని నిద్ర, అజీర్ణం, అతిగా తినడం, అలసట. ఎంత మామూలు కారణాలో చూడండి. దయ్యాలూ గ్రహాలూ లేవు. ఆయన మందు కూడా అంతే మామూలుగా చెప్పారు. నిద్ర పూర్తి చేసుకుని, తిన్నది బాగా అరిగాక, కొంచెమే తింటూ, శ్రమ వదిలి, ఏ అడ్డూలేని ఏకాంతంలో కూర్చో అని. రాత్రి పన్నెండింటిదాకా ఫోన్ చూసి బ్రాహ్మీముహూర్తంలో నాలుగింటికి లేచి కూర్చుంటే ఏ మంత్రమైనా జోలపాటే అవుతుంది. నిద్ర తగ్గించి ధ్యానం పెంచడం అనే పని చేయకండి. గీతలో కూడా ఎక్కువ నిద్రపోయేవాడికీ యోగం లేదు, అసలు నిద్రపోనివాడికీ లేదు అన్నారు. తిండికి పాత కొలత ఒకటుంది. కడుపులో రెండు భాగాలు అన్నం, ఒక భాగం నీళ్ళు, నాలుగో భాగం గాలి ఆడటానికి ఖాళీ. రాత్రి తొమ్మిదికి పూరీలు తిన్నవాళ్ళకు తెల్లవారుజామున కూడా ఆ నాలుగో భాగం ఖాళీ కాదు.

లయం పట్టుకుందని తెలిసినప్పుడు ఏం చేయాలి? 'లయే సంబోధయేత్ చిత్తం', మనసును మేల్కొలుపు అన్నారు గౌడపాదులు. చేసే పని ఇది. కళ్ళు సగం తెరవండి. నడుం కింది భాగం నిలబెట్టండి, మెడ కాదు. మెడ ఒక్కటే లేపితే రెండు నిమిషాల్లో మళ్ళీ వాలుతుంది. మానసజపం ఆపి పెదవులు కదిలే ఉపాంశుజపానికి దిగండి, అదీ నిలవకపోతే పైకి వినబడేలా పది పదిహేనుసార్లు చెప్పండి. మళ్ళీ మెల్లగా లోపలికి. అప్పటికీ తూగుతుంటే లేవండి, ముఖం కడుక్కుని అయిదు నిమిషాలు నడిచి రండి. గంట కూర్చుని తూగేకంటే ఇరవై నిమిషాలు మెలకువగా కూర్చోవడం వెయ్యి రెట్లు మేలు. మేలుకొలపడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. ఎక్కువ కుదిపితే మనసు విక్షేపంలో పడి ఊరంతా తిరిగొస్తుంది. అప్పుడు దాన్ని శాంతింపజేయాలి. రెండూ కాక సమంగా నిలిచినప్పుడు, 'సమప్రాప్తం న చాలయేత్', ఇక కదపకు. 'ఆహా, వచ్చేసింది' అని సంబరపడటం కూడా కదపడమే.

ఇక శరీరంలో కనిపించే గుర్తులు. భజనలోనో ధ్యానంలోనో ఒళ్ళు ఊగడం, వణకడం, కేకలు, ఏడుపు. పతంజలి 'అంగమేజయత్వం' అంటే అవయవాల వణుకును ఎక్కడ పెట్టారో తెలుసా? దుఃఖం, దౌర్మనస్యం, అదుపు తప్పిన ఊపిరితో కలిపి విక్షేపానికి తోడుగా వచ్చేవాటిలో పెట్టారు, సమాధిపాదం 31వ సూత్రంలో. హఠయోగప్రదీపిక ప్రాణాయామం గురించి చెబుతూ కింది స్థాయిలో చెమట, మధ్యస్థాయిలో వణుకు, ఉత్తమస్థాయిలో నిలకడ అంది. అంటే వణుకు వస్తే భయపడక్కర్లేదు, అది దారిలో ఉండేదే, కానీ ఊరు అది కాదు. భక్తిమార్గంలో స్తంభం, స్వేదం, రోమాంచం, అశ్రువు మొదలైన ఎనిమిది సాత్త్వికభావాలున్నాయి. వాటిని అంత గొప్పగా వర్ణించిన వైష్ణవాచార్యుడు రూపగోస్వామే సాత్త్వికాభాసం అని నకిలీకి కూడా ఒక భాగం కేటాయించారు. స్వభావంగానే మెత్తగా జారిపోయే మనసున్నవాళ్ళకు అవి వస్తాయనీ, ఎక్కువగా సభల్లోనే వస్తాయనీ అన్నారు. సభల్లో! అయిదు వందల ఏళ్ళ నాటి మాట. నలుగురిలో వచ్చి ఒంటరిగా ఎప్పుడూ రాని కన్నీళ్ళ గురించి మనల్ని మనమే అడిగి చూసుకోవాలి.

పూనకం సంగతి కూడా అడుగుతారు. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెబుతారు. దాన్ని సమాధితో కలపడం ఎంత తప్పో, సమాధి కాదు కాబట్టి తక్కువని చూడటమూ అంతే తప్పు. అది ఆవేశం. దేవత వచ్చి ఆ మనిషి నోట మాట్లాడుతుందన్న నమ్మకం మీద, ఊరి మంచిచెడ్డల కోసం నడిచే ఆచారం. సమాధి మనిషి తన మనసును తానే కుదుర్చుకునే సాధన. దేని తూకపురాళ్ళు దానికే ఉండాలి.

ఊపిరి గురించి ఒకటి చెప్పి తీరాలి. మనసు కుదిరినకొద్దీ ఊపిరి సన్నబడుతుంది, ముక్కు కింద వేలు పెడితే తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇది నిజం. కానీ ఊపిరిని బలవంతంగా బిగబడితే మనసు కుదరదు. ఎలా తెలుస్తుందంటే, దానంతటది ఆగిన ఊపిరి మళ్ళీ మొదలైనప్పుడు మొదటి శ్వాస మెత్తగా ఉంటుంది. బిగబట్టినదైతే పెద్దగా ఎగశ్వాస వస్తుంది. దీనికి తలకిందులు తప్పు కూడా జరుగుతోంది. భస్త్రికలాంటివి పది పదిహేను నిమిషాలు వేగంగా లాగిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్ళు జివ్వుమంటాయి, మూతి చుట్టూ తిమ్మిరి, తల తేలిపోతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. దాన్ని కుండలిని అని చెప్పి పంపేస్తారు. ఆపి మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకునేది కుండలిని ఎలా అవుతుంది? అలాగే పద్మాసనంలో కాళ్ళు తెలియకపోవడం. నరం నొక్కుకుపోయి కాలు మొద్దుబారితే దేహస్పృహ పోయిందనుకోకండి. లేచాక చీమలు పాకినట్టుంటే అది తిమ్మిరే. బలవంతాన అలాగే కూర్చుంటే పాదం ఎత్తలేని స్థితి కూడా రావచ్చు. మడత మార్చుకోండి, లేదా కుర్చీలో కూర్చోండి. స్థిరంగా, సుఖంగా ఉన్నదే ఆసనం అన్నారు పతంజలి.

వెలుగులూ శబ్దాల మీద ఎక్కువసేపు అక్కర్లేదు. మంచు, పొగ, సూర్యుడు, మిణుగురు, మెరుపు, స్ఫటికం, చంద్రుడు, ఇవన్నీ శ్వేతాశ్వతరోపనిషత్తు లెక్కపెట్టి 'పురఃసరాణి' అంది. ముందు నడిచేవి. పెళ్ళికొడుకు ముందు బాజాలు వస్తాయి. బాజాలవాడికి దండ వేయం కదా.

రసాస్వాదం, అంటే ధ్యానంలోని సుఖాన్ని చప్పరించడం, దీనికంటే ప్రమాదం. ధ్యానంలో సుఖం నిజంగానే పుడుతుంది, ఒక్కోసారి ఒళ్ళంతా నిండిపోయేంత. రోజంతా మోసిన మూట దింపిన సుఖం అది. వేదాంతంలో దీనికి నిధి ఉపమానం చెబుతారు. నిధి మీద పాముంది. పామును చంపగానే సంతోషం. అది పాము పోయిన సంతోషం, నిధి ఇంకా భూమిలోనే ఉంది. ఆ సంతోషంలో ఇంటికెళ్ళిపోతే ఏమైనట్టు? అలాగని సుఖాన్ని తోసిపారేయమని కాదు. గౌడపాదులు 'నాస్వాదయేత్' అన్నారు, చప్పరించకు అని. నిన్నటి సుఖం ఇవాళ రాలేదని దిగులుపడుతున్నారంటే నిన్న చప్పరించారన్నమాట.

కషాయం, అంటే లోపల పేరుకున్న రాగద్వేషాల మరక. దాని గురించి చెప్పేవాళ్ళు తక్కువ, కాబట్టి చెబుతాను. గట్టి రాగమో ద్వేషమో లోపల ఉన్నప్పుడు మనసు నిద్రపోదు, చెదరదు కూడా. కదలకుండా నిలబడుతుంది, చూడటానికి అచ్చం సమాధిలాగే. కానీ అది ఒక దుఃఖం మీద ఏకాగ్రంగా ఉందని విద్యారణ్యులు వివరించారు. ఆస్తి తగాదా నడుస్తున్నవాళ్ళు, ఈమధ్యే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ధ్యానంలో ఒక్కోసారి ఎన్నడూ లేనంత నిశ్చలంగా కూర్చుంటారు. లేచినప్పుడు దవడలు బిగుసుకుని ఉంటాయి, గుండెమీద రాయి పెట్టినట్టు ఉంటుంది. ఆ నిశ్చలత బిగువు. దీనికి మందు ఇంకా గట్టిగా కూర్చోవడం కాదు. 'విజానీయాత్', గుర్తుపట్టు. గుర్తుపట్టి, వివేకంతో దాన్ని విడిగా చూడు.

మరి నిజమైనది లోపల ఎలా ఉంటుంది? దీపాన్ని ఆలంబనం, అంటే మనసు నిలిపే వస్తువు, చేసుకున్నారనుకోండి. మొదట దీపం అన్న మాట, దీపం అన్న వస్తువు, దీపం గురించి మనకు తెలిసినవి మూడూ కలిసిపోయి ఉంటాయి. ఇది సవితర్కం. మెల్లగా మాట జారిపోతుంది. 'దీపం' అని లోపల పలకడం ఆగుతుంది, అమ్మ వెలిగించిన కార్తికదీపం జ్ఞాపకం ఆగుతుంది, వెలుగు మాత్రం ఉంటుంది. ఇది నిర్వితర్కం. ఇక్కడ ఎవరికైనా వచ్చే సందేహం, ఇది మగత కాదని ఎలా తెలుస్తుంది అని. మగతలో వస్తువు మసకబారుతుంది, చూసేవాడూ మసకబారతాడు. ఇక్కడ చూసేవాడి గొడవ తగ్గినకొద్దీ వస్తువు పదునెక్కుతుంది. మంచిజాతి స్ఫటికంతో పోల్చారు పతంజలి. స్ఫటికం పక్కన మందారం పెడితే ఎర్రగా కనిపిస్తుంది, తన రంగు అడ్డుపెట్టదు. చూసేవాడు, చూడబడేది అన్న తేడా తోచని నిర్వికల్ప సమాధికి వేదాంతసారం అనే గ్రంథంలో నీళ్ళలో కరిగిన ఉప్పు పోలిక. ఉప్పు విడిగా కనబడదు, నీళ్ళే కనిపిస్తాయి, ఉప్పు లేకపోలేదు. నిద్రలోనూ ఆ స్థితిలోనూ వృత్తి తెలియకపోవడం ఒకటేలా ఉన్నా, సమాధిలో వస్తువు రూపం దాల్చిన వృత్తి ఉండీ తెలియదు, నిద్రలో ఆ వృత్తి అసలు లేదు. రమణులు దీన్ని ఇంకా దగ్గరగా చెప్పారు. నిద్రలో మనసు చీకట్లో మునిగి ఉంటుంది. కేవల నిర్వికల్పంలో వెలుగులో మునిగి ఉంటుంది, తాడు కట్టిన బొక్కెన బావినీళ్ళలో ఉన్నట్టు, తాడు లాగితే పైకొస్తుంది. సహజసమాధి సముద్రంలో కలిసిన నది.

ఆయన జీవితంలోనే రెండూ కనిపిస్తాయి. 1896 సెప్టెంబర్ 1న తిరువణ్ణామలై చేరిన కుర్రవాడు వెయ్యికాళ్ళ మండపం కింద పాతాళలింగం దగ్గర కూర్చున్నాడు. పురుగులు తొడలు తొలిచినా తెలియలేదు. అందరూ చెప్పుకునేది దాన్నే. అదే మనిషి తర్వాత దశాబ్దాల తరబడి తెల్లవారుజామున ఆశ్రమం వంటింట్లో కూరగాయలు తరుగుతూ, పేపరు చదువుతూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ ఉన్నారు. ఆయన గొప్పగా చెప్పింది ఈ రెండోదాన్ని.

వైద్యులు కూడా దీన్ని కొలిచి చూశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్, ఛినా, బల్దేవ్ సింగ్ 1961లో ప్రచురించిన పరిశీలనలో నలుగురు యోగుల మెదడు తరంగాలను చూశారు. వెలుతురు, పెద్ద చప్పుడు, వేడి గాజుగొట్టం తగిలించడం ఏదీ ధ్యానంలో ఉన్నప్పుడు ఆల్ఫా తరంగాలను, అంటే మెలకువగా ప్రశాంతంగా ఉన్నప్పుడు కనిపించే తరంగాలను, చెదరగొట్టలేదు. మామూలుగా ఉన్నప్పుడు అవే చెదరగొట్టాయి. ఇద్దరు 4 డిగ్రీల చన్నీళ్ళలో 45 నుంచి 55 నిమిషాలు చెయ్యి ఉంచారు. గాఢనిద్రలో ఆల్ఫా ఉండదు కాబట్టి అది నిద్ర కాదని తేలింది. అంతవరకే. అది ప్రజ్ఞను కొలవలేదు. అదే ఏడాది వెంగర్, బాగ్చీ, ఆనంద్ గుండె ఆపుతామన్న యోగులను పరీక్షించారు. మణికట్టు దగ్గర నాడి దొరకకుండా పోయింది, ఈసీజీలో గుండె కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలు బిగిస్తే అలా అవుతుంది. నాడి దొరకలేదన్న మాటతో ఎవరినీ సమాధిలో ఉన్నట్టు లెక్కవేయకండి.

ఇంకో గట్టి మాట. ధ్యానంలో కూర్చున్నవాళ్ళు పక్కకు ఒరిగిపోయి, పిలిస్తే పలకకపోతే, 'సమాధిలో ఉన్నారు, ముట్టుకోకండి' అని చుట్టూ కూర్చోవద్దు. షుగరు మందులు వాడుతూ ఉపవాసమున్నవాళ్ళకు చక్కెర పడిపోతుంది. మూర్ఛ రావచ్చు, పక్షవాతం రావచ్చు. చల్లటి చెమట, మూతి వంకర, ఒకవైపు చెయ్యి సడలడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. నిజమైన సమాధికి మీరు ముట్టుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. అలాగే శిబిరాల్లో రోజుల తరబడి ఎక్కువసేపు కూర్చుని నిద్ర పూర్తిగా పోయి, ఆలోచనలు పరిగెడుతూ, తానే అవతారమన్న ధోరణి మొదలైతే సాధన ఆపి మానసిక వైద్యుడికి చూపించాలి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. పతంజలి విఘ్నాల జాబితాలో మొదటి పేరే వ్యాధి.

ఎదుటివాళ్ళను ఈ గుర్తులతో తూచవచ్చా అని అడిగితే, శంకరాచార్యులు గీత రెండో అధ్యాయం స్థితప్రజ్ఞుడి దగ్గర ఇచ్చిన జవాబే సరైనది. సిద్ధుడికి ఏవి లక్షణాలో సాధకుడికి అవే సాధనాలు. దుఃఖం వస్తే కలతపడకపోవడం అనేది ఫలానా స్వామికి ఉందా లేదా అని పరీక్షించడానికి కాదు, మనం అభ్యసించడానికి చెప్పారు. అర్జునుడు అడిగింది కూడా చూడండి. సమాధిలో ఉన్నవాడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని. కళ్ళు మూసుకున్నప్పటి సంగతి అడగలేదు.

ఇప్పుడు ఇరవై నిమిషాలు కూర్చుందాం. ఫోన్లు ఆపేయండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలోనే ఉండండి, పాదాలు నేలకు ఆనాలి. కూర్చునేముందు మనసులో ఉన్న గొడవ ఏదో ఒక్కసారి పేరుపెట్టి చూసుకుని పక్కన పెట్టండి, లేచాక దాన్నే వెతకాలి. మాల ఉన్నవాళ్ళు మేరువు దగ్గర మొదలుపెట్టండి. గంట మోగినప్పుడు వెంటనే కళ్ళు తెరవకండి. ముందు, స్పష్టంగా పలికిన చివరి మంత్రం ఏదో, అప్పుడు వేళ్ళ కింద ఏ పూస ఉందో చూసుకోండి. వెన్ను ఎక్కడుందో చూసుకోండి. తర్వాత అరచేతులు కళ్ళకు ఆనించి, మెల్లగా తెరవండి. వెంటనే పక్కవాళ్ళతో మాట్లాడవద్దు. వెన్ను నిలబెట్టండి. మొదలుపెడదాం.